సీమ ఇళ్లలో వేడినీళ్లు: పాత ఏర్పాటు బాగుచేత, సోలార్ జోడింపు

సోలార్ హీటర్, అంటే సౌర జలతాపకం, ఎండలోని వేడిని నేరుగా నీటికి ఎక్కించి, ఆ నీటిని మరునాటి ఉదయం దాకా చల్లారకుండా నిలవ ఉంచే సాధనం. కొత్తగా కట్టే ఇంట్లో దీన్ని అమర్చడం తేలిక. నీళ్లపొయ్యి, రాడ్డు, గీజరు ఇప్పటికే వాడుతున్న ఇంట్లో అమర్చాలంటే పాత పైపులు, పాత మిద్దె, ఇంటికి వచ్చే నీటి గుణం అన్నీ చూసుకోవాలి. కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డునున్న మంత్రాలయం, దానికి దగ్గరి ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, ఇంకా కిందికి వెళితే కడప జిల్లా, ఈ రాయలసీమ మెట్ట ప్రాంతమంతటా ఎండకు కొదవ లేదు. ఇక్కడ సోలార్ హీటరు ఏళ్ల తరబడి పనిచేస్తుందా, రెండేళ్లకే మూలపడుతుందా అన్నది ఉప్పునీళ్లు, పైపులు, మిద్దె తేలుస్తాయి. అందుకే ముందు పాత ఏర్పాటును సరిచేసి, ఆ తర్వాత సోలార్ జోడించుకోవడం ఈ ప్రాంతానికి తగిన క్రమం.

ప్రాంతం, అవసరం

మంత్రాలయం సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాది సగటున ఇక్కడ చదరపు మీటరు మీద రోజుకు 5 నుంచి 6 యూనిట్ల (కిలోవాట్ గంటల) సౌరశక్తి పడుతుంది. ఈ ఎండ బలం చూసే అప్పటి కర్నూలు జిల్లాలోని గని–శకునాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కును నెలకొల్పారు. అది 2017లో పూర్తిస్థాయికి వచ్చింది.

ఊళ్లలో వేడినీళ్ల అవసరం ముఖ్యంగా కార్తీకం నుంచి మాఘం దాకా ఉంటుంది. మంత్రాలయం యాత్రాస్థలం కాబట్టి అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది. రాఘవేంద్రస్వామి బృందావన దర్శనానికి కర్ణాటక, తమిళనాడు, తెలుగు రాష్ట్రాల నుంచి జనం రాత్రి రైళ్లలో, బస్సుల్లో ప్రయాణించి తెల్లవారుజామున దిగుతారు. దిగగానే స్నానం కావాలి. ఆ వేళకు సూర్యుడు ఉదయించి ఉండడు. వాళ్లకు అందే వేడినీళ్లు నిన్నటి ఎండ కాచి పెట్టినవే. కాబట్టి ఇక్కడ ఎండను పట్టే భాగం ముఖ్యమే, వేడిని రాత్రంతా కాపాడే ట్యాంకు అంతకంటే ముఖ్యం.

పాత పద్ధతులు

సీమ పల్లెల్లో స్నానపు నీళ్లు పెరట్లోని నీళ్లపొయ్యి మీద కాగేవి. పొయ్యి చుట్టూ మట్టి మెత్తి, కాగును గానీ అండాను గానీ మెడ వరకు అందులో కూర్చోబెట్టేవారు. కందికట్టె, పత్తికట్టె, కంపచెట్ల కట్టెలు, పిడకలు వంటచెరకు. పట్టణాల ఇళ్లకు రాగి బాయిలర్లు వచ్చాయి. వాటి నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు ఉండేవి. ఈ బాయిలర్‌లో వేడి బాగానే పడుతుంది. మామూలు నీళ్లపొయ్యిలో మాత్రం కట్టెలోని వేడిలో 10 నుంచి 15 శాతమే నీటికి చేరుతుంది. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే ఆ లెక్కన ఏడు నుంచి పది కిలోల కట్టె కాలుతుంది. కట్టె కొట్టి తెచ్చే శ్రమ, పొగ భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. ఈ కారణం ఒక్కటి చాలు, సోలార్ వైపు మారడం ఎందుకు అవసరమో చెప్పడానికి.

కరెంటు వచ్చాక బకెట్లో వేసే రాడ్డు ఇంటింటికీ చేరింది. చవకైనది, కానీ ప్రమాదకరమైనది. స్విచ్ ఆపకుండానే నీళ్లలో చెయ్యి పెట్టి ప్రాణం పోగొట్టుకున్నవారి వార్తలు ప్రతి చలికాలం వింటూనే ఉంటాం. తర్వాత గీజర్లు వచ్చాయి. అదే 100 లీటర్లను అదే వేడికి తేవడానికి గీజరుకు సుమారు 4 యూనిట్లు పడుతుంది. ఆ కరెంటులో కొంత కడప జిల్లాలోని 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు కాల్చి తీసినదే. సీమలో బొగ్గు గనులు లేవు, బొగ్గు రైళ్లలో రావాలి. బొగ్గులోని వేడిలో మూడోవంతు మాత్రమే కరెంటవుతుంది. ఆ కరెంటును మళ్లీ వేడిగా మార్చి నీళ్లు కాచుకుంటున్నాం. మిద్దె మీద ఊరికే పడే వేడికి ఇంత దూరపు చుట్టు తిరగనక్కర లేదు.

సౌర తాపకం చరిత్ర

ఎండతో నీళ్లు కాచే సాధనాన్ని వ్యాపారస్థాయిలో మొదట తెచ్చినవాడు అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్. ఆయన ‘క్లైమాక్స్’ అనే తాపకానికి 1891లో పేటెంటు పొందాడు. అందులో నీళ్లు వేడెక్కే చోటు, నిలవ ఉండే చోటు ఒకటే కావడంతో రాత్రికి చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఈ రెంటినీ విడదీశాడు. ఎండను పట్టే పలకను కింద, చుట్టూ వేడి కాపాడే పొర ఉన్న ట్యాంకును పైన పెట్టి, దానికి ‘డే అండ్ నైట్’ అని పేరు పెట్టాడు. ఈనాటికీ మన మిద్దెల మీద కనిపించే అమరిక అదే. 1980లో ఇజ్రాయెల్ కొత్త ఇళ్లకు సౌర తాపకాలను చట్టబద్ధంగా తప్పనిసరి చేసింది. ఇవాళ ప్రపంచంలో వీటిని అత్యధికంగా వాడే దేశం చైనా.

మన దేశంలో 1982లో ఏర్పడిన సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఈ తాపకాలను ప్రోత్సహించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో నెడ్‌క్యాప్ (సంప్రదాయేతర ఇంధనాభివృద్ధి సంస్థ) ఏర్పడింది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ అంటున్నారు. 2010 జనవరిలో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్, 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌర తాపక పలకలను లక్ష్యంగా పెట్టుకుంది. పొరుగున కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు వంటి నగరాల్లో కొత్త భవనాలకు సోలార్ హీటరును తప్పనిసరి చేసి, వాడేవారికి నెలకు 50 రూపాయల వరకు కరెంటు బిల్లులో తగ్గింపు ఇచ్చింది. అందుకే బెంగళూరు మిద్దెల మీద ఇవి విరివిగా కనిపిస్తాయి.

పనిచేసే తీరు

ఇళ్లలో వాడే హీటర్లలో చాలావాటికి మోటారు అక్కర్లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లటి నీరు బరువుగా ఉండి కిందికి దిగుతుంది. పలక కంటే ట్యాంకు ఎత్తులో ఉంటే, ఎండ ఉన్నంతసేపూ నీరు తనంతట తానే తిరుగుతూ ఉంటుంది. పలక దక్షిణానికి తిరిగి ఉండాలి. చలికాలపు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి, మంత్రాలయం అక్షాంశానికి పది డిగ్రీలు కలిపి 25 నుంచి 30 డిగ్రీల వాలు ఇస్తే, వేడినీళ్లు ఎక్కువ కావలసిన నెలల్లో ఎక్కువ వేడి పడుతుంది.

వీటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది పలక రకం. గట్టి గాజు కింద నల్లటి పూత పూసిన రాగి రేకు, దానికి అతికిన సన్నని రాగి గొట్టాలు ఉంటాయి. 100 లీటర్లకు సుమారు 2 చదరపు మీటర్ల పలక చాలు. రెండోది గాజు గొట్టాల రకం. ప్రతి గొట్టం ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గాజు గొట్టాలు. వాటి నడుమ గాలి లేని శూన్యం వేడిని బయటికి పోనివ్వదు. ఇది చవక కాబట్టి పట్టణాల్లో దీనికే గిరాకీ. గొట్టం కొసన లోపలి వైపు వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది తెల్లగా పాలిపోతే లోపలి శూన్యం పోయిందని అర్థం. అలాంటి గొట్టాన్ని ఎంత తుడిచినా ప్రయోజనం లేదు, మార్చాల్సిందే.

ఎంత పరిమాణం కావాలి

సోలార్ ట్యాంకులోని నీరు 60 డిగ్రీలకు చేరుతుంది. ఒంటికి సరిపడే వేడి 40 డిగ్రీల చుట్టుపక్కల. చలికాలపు చన్నీళ్లు 22 డిగ్రీలుంటే, సగం వేడినీళ్లు, సగం చన్నీళ్లు కలిపితే సరిపోతుంది. అంటే 100 లీటర్ల ట్యాంకుతో 20 లీటర్ల బకెట్లు పది నిండుతాయి. నలుగురున్న ఇంటికి అది చాలు. ఇంట్లో పెద్దలు, పసిపిల్లలు, వచ్చిపోయే చుట్టాలు ఉంటే 200 లీటర్లు తీసుకోవచ్చు. అవసరానికి మించిన పెద్ద ట్యాంకు కొంటే డబ్బుతో పాటు మిద్దె మీద బరువూ పెరుగుతుంది, ఎండాకాలంలో నీరు మరిగిపోయే బెడదా పెరుగుతుంది.

ఉప్పునీళ్లు

ఈ ప్రాంతపు బోరునీళ్లు చాలాచోట్ల కఠినజలం. బేడలు త్వరగా ఉడకవు, సబ్బు నురగ రాదు, చెంబు అడుగున తెల్లటి పొర కడుతుంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. నది నీరు సాధారణంగా బోరు నీటి కంటే మేలు.

నీరు చల్లగా ఉన్నంతసేపు ఈ లవణాలు కరిగే ఉంటాయి. వేడెక్కగానే కాల్షియం బైకార్బనేటు విరిగి, కాల్షియం కార్బనేటుగా, అంటే సున్నపురాయిగా గడ్డకడుతుంది. 60 డిగ్రీలు దాటితే ఇది మరింత వేగంగా జరుగుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లు రోజుకు 100 లీటర్లు కాస్తే, ఏడాదిలో ఆ హీటరు గుండా దాదాపు 11 కిలోల సున్నపు పదార్థం పోతుంది. అందులో పదోవంతు లోపల అతుక్కున్నా కిలోకు పైమాటే. పలక రకంలోని సన్నని రాగి గొట్టాలు దీనివల్ల పూడుకుపోతాయి. గాజు గొట్టాల్లో మడ్డిగా అడుగున పేరుకుంటుంది. వెడల్పు గొట్టాలు కావడంతో కొంత కాలం ఓర్చుకుంటాయి.

ఉప్పునీళ్ల ఇంటికి మూడు దారులున్నాయి. మొదటిది, నది నీరు, వాననీరు వంటి తక్కువ కాఠిన్యం గల నీటిని హీటరుకు విడిగా ఒక చిన్న ట్యాంకు నుంచి ఇవ్వడం. రెండోది, హీటరుకు ముందు నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టడం. అందులోని రెసిన్‌ను ఉప్పుతో మళ్లీ మళ్లీ శుద్ధి చేసుకోవాలి. మూడోది, ఉష్ణ మార్పిడి రకం హీటరు కొనడం. ఇందులో పలకలో తిరిగే నీరు వేరు, వాడే నీరు వేరు. ఖర్చు ఎక్కువైనా, పలక గొట్టాలు పూడుకోవు. ట్యాంకు లోహాన్ని కూడా చూడాలి. క్లోరైడు ఎక్కువున్న నీళ్లలో మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సూదిబెజ్జాలు పడతాయి. లోపల గాజుపూత ఉన్న ట్యాంకు, అందులో తనను తాను అరగదీసుకుని ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీ ఇలాంటి నీటికి నప్పుతాయి.

పాత గీజరు బాగుచేత

సోలార్ వచ్చాక పాత గీజరును పారేయనక్కర లేదు. మబ్బు రోజుల్లో అదే ఆధారం. ముందు దాన్ని బాగుచేయించాలి. మెయిన్ స్విచ్ ఆపి, నీరు వదిలేసి, కింది బిళ్ల విప్పితే హీటింగ్ కాయిల్ బయటికి వస్తుంది. ఉప్పునీళ్లు వాడిన ఇంట్లో అది వేలి మందాన తెల్లటి గట్టి పెచ్చుతో నిండి ఉంటుంది. ఆ పెచ్చును దాటి నీటికి వేడి చేరడం కష్టం. కాయిల్ అతిగా వేడెక్కి కాలిపోయేది అందుకే. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే పెచ్చు బుసబుస పొంగుతూ కరుగుతుంది. సుత్తితో కొట్టరాదు. కొడితే కాయిల్ తొడుగు చిట్లి కరెంటు నీటిలోకి దిగుతుంది. అరిగిపోయిన మెగ్నీషియం కడ్డీని మార్చి, థర్మోస్టాట్‌ను 50–55 డిగ్రీల దగ్గర పెట్టి, పీడనం ఎక్కువైతే నీటిని వదిలే వాల్వు పనిచేస్తోందో లేదో చూడాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు కారినా సరఫరా తెగగొట్టే బ్రేకరు తప్పనిసరిగా ఉండాలి. ట్యాంకు తుప్పు పట్టి కారుతుంటే మాత్రం బాగుచేత వృథా. ఐఎస్ 2082 ప్రమాణం, కరెంటు పొదుపును తెలిపే బీఈఈ నక్షత్రాలు చూసి కొత్తది తీసుకోవాలి.

జోడించే విధానం

చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. పాత ఇళ్లలో చన్నీళ్ల ట్యాంకు మిద్దె మీద నేలకే ఆనించి ఉంటుంది. దాన్ని దిమ్మె కట్టి లేపడమే చాలా ఇళ్లలో మొదటి పని. సోలార్ ట్యాంకు నుంచి పైకి నిలబెట్టే గాలిగొట్టం చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టం కంటే పైకి పోవాలి. దాన్ని ఎప్పుడూ మూయరాదు. మూస్తే లోపల ఆవిరి నిలిచి ట్యాంకు ఉబ్బవచ్చు, లేదా నీరు దిగేటప్పుడు లోపలికి సొట్టపోవచ్చు.

వేడినీటి పైపు మామూలు పీవీసీ కాకూడదు. అది వేడికి మెత్తబడి వంగుతుంది. 93 డిగ్రీల దాకా ఓర్చుకునే సీపీవీసీ వాడాలి. పాత ఇనుప పైపుల లోపల తుప్పు, సున్నం పట్టి దారి సన్నబడి ఉంటే అవీ మార్చాలి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు దాదాపు 0.3 లీటర్ల నీరు నిలుస్తుంది. మిద్దె నుంచి స్నానాల గదికి 20 మీటర్లుంటే, వేడినీళ్లు వచ్చేలోగా 6 లీటర్లు వృథాగా పోతాయి. నీటికి కటకటలాడే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పైపు దారి పొట్టిగా ఉండాలి, దానికి నురుగు తొడుగు వేయాలి, మొదట వచ్చే చన్నీళ్లను బకెట్లో పట్టి వాడుకోవాలి.

సోలార్ నీరు స్నానాల గదిలోని పాత గీజరు గుండా వచ్చేలా కలిపితే మేలు. నీరు వేడిగా వస్తే గీజరు ఆన్ కాదు, గోరువెచ్చగా వస్తే తక్కువ పడిన వేడినే అది కలుపుతుంది. సోలార్ ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెడితే ఒక్కరి స్నానానికి ట్యాంకులోని నీళ్లన్నీ కాగుతాయి. చన్నీళ్ల లైనుకు మాత్రమే ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో, కుళాయి దగ్గర చన్నీళ్లు వేడినీళ్ల లైనులోకి తోసుకుపోతాయి. దాన్ని ఆపడానికి ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉండాలి.

మిద్దె బరువు

నిండు ట్యాంకుతో 200 లీటర్ల హీటరు 250 నుంచి 300 కిలోల బరువు తూగుతుంది. కాంక్రీటు శ్లాబుకు అది పెద్ద భారం కాదు. సీమలో మాత్రం ఇప్పటికీ మట్టిమిద్దెలు, దూలాల మీద నాపరాళ్లు పరిచిన బండల మిద్దెలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో హీటరు కాళ్లు బండల నడుమ ఆనకుండా, రెండు గోడల మీద ఇనుప దూలాలు వేసి వాటిపై నిలబెట్టాలి. మట్టిమిద్దె మీద కారిన నీరు గోడలోకి దిగి ఇంటినే దెబ్బతీస్తుంది. గోడలు నమ్మకంగా లేకపోతే పెరట్లో ఎత్తైన ఇనుప చట్రం కట్టి దానిపై పెట్టుకోవడం మంచిది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో గాజు గొట్టాలకు పైన వల వేయాలి.

వసతి గృహాలు, సంస్థలు

లాడ్జీలకు, సత్రాలకు వేల లీటర్లు కావాలి. 1000 లీటర్లకు 20 చదరపు మీటర్ల పలకలు, వాటి నడుమ నీడ పడకుండా ఖాళీ అవసరం. ఇంత పెద్ద వ్యవస్థలో నీరు దానంతట అది తిరగలేదు. పలక వేడి, ట్యాంకు వేడి పోల్చి చూసి పంపును నడిపే నియంత్రణ పరికరం పెడతారు. మంత్రాలయంలో మరో జాగ్రత్త కూడా ఉంది. 2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్ర వరద ఈ ఊరిని ముంచెత్తింది. కాబట్టి పంపులు, స్విచ్చు పెట్టెలు కింది అంతస్తులో పెట్టరాదు.

సంస్థల స్థాయిలో సీమకే గొప్ప ఉదాహరణ తిరుమలలో ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2002లో 106 పళ్లెపు అద్దాలతో సౌర ఆవిరి వంటశాలను ఏర్పాటు చేసింది. రోజుకు 4000 కిలోల ఆవిరితో 15,000 మందికి అన్నప్రసాదం వండేలా దాన్ని రూపొందించారు.

ప్రత్యామ్నాయాలు, రాయితీలు

హీట్ పంపు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీటికి ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఎండ తగలని ఇరుకు మిద్దెలకు ఇది తగినది. గ్యాస్ గీజరు త్వరగా వేడినిస్తుంది, కానీ మూసిన స్నానాల గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడు వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది. దాన్ని గది బయటే బిగించాలి.

జాతీయ సౌర మిషన్ కింద హీటర్లకు ఇచ్చిన సబ్సిడీ 2014లో ఆగింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కరెంటు తీసే సోలార్ ప్యానెళ్లకే వర్తిస్తుంది. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు ఇస్తుంది. ప్యానెల్ కరెంటుతో గీజరు నడపడం సాధ్యమే. అయితే ప్యానెల్ ఎండలో ఐదోవంతును మాత్రమే కరెంటుగా మారుస్తుంది, హీటరు పలక సగం దాకా వేడిగా పట్టుకుంటుంది. నీళ్లు కాచడమే పని అయితే తక్కువ చోటులో హీటరుదే పైచేయి.

నిర్వహణ

గాజు మీద దుమ్మును వారానికోసారి తెల్లవారుజామునే కడగాలి. ఎండకు కాగిన గాజు మీద, లేదా ఖాళీగా ఎండిన గొట్టాల్లోకి చన్నీళ్లు పోస్తే గాజు పగులుతుంది. ట్యాంకు అడుగున ఉండే వాల్వు తిప్పి మూడు నెలలకోసారి మడ్డి వదిలేయాలి. ఉప్పునీళ్లయితే ఏడాదికోసారి గొట్టాలు విప్పి నిమ్మ ఉప్పుతో శుభ్రం చేయించాలి. చైత్ర వైశాఖాల్లో వేడినీళ్లు అక్కర్లేనప్పుడు గొట్టాలపై గోనెపట్టా కప్పాలి. 60 డిగ్రీలు దాటిన నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపాలి.

కొనేవారికి

పలక రకానికి ఐఎస్ 12933, గాజు గొట్టాలకు ఐఎస్ 16543, గొట్టాల హీటరు మొత్తానికి ఐఎస్ 16544 ప్రమాణాలున్నాయి. అమ్మేవారిని వీటి గురించి అడగాలి. అంతకంటే ముందు ఇంటి నీటిని పరీక్ష చేయించి కాఠిన్యం ఎంతో కాగితం మీద తెచ్చుకోవాలి. ఆ ఒక్క అంకె ఏ రకం హీటరు కొనాలో, ఏ ట్యాంకు కావాలో, ఏడాదికి ఎన్నిసార్లు శుభ్రం చేయాలో చెబుతుంది. సీమలో సోలార్ హీటరు కొనేవారు మొదట ఖర్చు పెట్టవలసింది ఆ పరీక్ష మీదే.